రెండో సగం

విజయనగరం కోర్టులో ఆ పూటంతా ఒక సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఊపిరాడకుండా చేసిన లాయరు జగన్నాథం, భోజన విరామంలో బల్ల ముందు కూర్చుని నీళ్లు అడగలేకపోయాడు. జూనియర్లు ఎదురుగానే ఉన్నారు. గ్లాసు చూపించాడు, ఖాళీగా ఉందన్నాడు, దాహమన్నాడు, అందులో పోసేది కావాలన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు. ఆయన వేళాకోళమాడుతున్నాడనుకుని కుర్రాళ్లు నవ్వారు. ఆయనా నవ్వేశాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి భార్యను పిలవబోతే ఆమె పేరు కూడా రాలేదు.

జగన్నాథం చెవి వెనక ఎముకలో పెసరగింజంత పూస ఒకటి ఉంది. ఐదున్నరేళ్ల కిందట మెదడువాపు వచ్చి ఆయనకు మాట పూర్తిగా పడిపోయింది. అప్పుడు విశాఖపట్నంలో, కొండ మీది నాడీ పరిశోధన కేంద్రంలో డాక్టర్ నీలకంఠం దాన్ని పెట్టాడు. మనుషుల్లో మొట్టమొదట పెట్టింది ఆయనకే. పక్షవాతంతోనో జ్వరంతోనో మాట పోగొట్టుకున్న ముప్పైమంది దాకా ఆ తరవాత పెట్టించుకున్నారు. అందరికీ మాట తిరిగి వచ్చింది.

ఆ పూస చేసే పని తట్టడమే. మెదడులో మాటలు పుట్టే చోటును సన్నటి కరెంటుతో సెకనుకు వందసార్లు తడుతూ ఉంటుంది. ఒక్కో తట్టుకు ఒక్కో బలం, సున్నా నుంచి తొమ్మిది వరకు. పెద్ద అంకె ఒక వైపుకు నెడితే, చిన్న అంకె ఎదురు వైపుకు లాగుతుంది. ఆ కుదుపులకు మొద్దుబారిన నరాలు కదిలి కొత్త దారులు వేసుకుంటాయి. అయితే ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తే మెదడు దానికి అలవాటుపడిపోతుంది, ఫ్యాను చప్పుడు కాసేపటికి చెవికెక్కనట్టే. కాబట్టి తరవాత ఏ అంకె రాబోతోందో మెదడుకు అంతుపట్టకూడదు. డాక్టర్లకు మాత్రం తెలియాలి. ఏ తట్టుకు ఏం జరిగిందో వాళ్లు చూసుకోవాలి కదా. ఈ చిక్కు దగ్గర నీలకంఠం ఆగిపోయినప్పుడు దారి చూపింది కుముదిని.

కుముదిని యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసరు. ప్రధాన సంఖ్యల మీదే ఆమె పనంతా. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడని సంఖ్యలవి. అలాంటి పెద్ద సంఖ్య ఒకటి తీసుకుని, దానితో ఒకటిని భాగిస్తూ పొమ్మని ఆమె చెప్పింది. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశం తరవాత 142857 వస్తుంది, మళ్లీ అదే 142857, మళ్లీ అదే. ఏడు చిన్నది కాబట్టి ఆరంకెలకే చుట్టు పూర్తవుతుంది. పదకొండంకెల ప్రధాన సంఖ్యను ఏరి తెచ్చుకుంటే, సెకనుకు వంద చొప్పున వాడినా పదకొండేళ్ల దాకా చుట్టు పూర్తికాదు. ఆలోగా పూసనే మార్చేస్తారు. ఒక్క సంఖ్యను పూసలో పెడితే చాలు, అది తనంతట తాను భాగించుకుంటూ పోతుంది. నీలకంఠం ఆ రోజు ఆమె చేతులు పట్టుకుని ఊపేశాడు.

అప్పటికి ఆమెకు తెలియదు, ఆ సంఖ్య తన ఇంట్లోకే రాబోతోందని. జగన్నాథానికి పూస పెట్టిన కొద్ది వారాలకే ఆమె భర్త త్రినాథ్‌కు పక్షవాతం వచ్చింది. త్రినాథ్ హార్బరు పైలట్. లోపలికి వచ్చే ఓడ ఎక్కి, కెప్టెన్ పక్కన నిలబడి, ఎటు తిప్పాలో ఎంత నెమ్మదించాలో చెప్పే ఉద్యోగం. ఒక ఉదయం ఓడ మీదే ఎడమో కుడో చెప్పలేక కూలబడిపోయాడు. కాళ్లూ చేతులూ నెలలో కోలుకున్నాయి గాని మాట రాలేదు. పూస పెట్టాక, మూడో వారంలో, కూతురు ఆమని కంచం ముందు కూర్చుని ఉండగా ఆమె పేరుతోనే ఆయన మాట మొదలైంది. తరవాత ఒక్కొక్కటిగా అన్నీ వచ్చాయి. ఓడలు ఎక్కనివ్వలేదు గాని, కొత్త పైలట్లకు పాఠాలు చెప్పే పని ఇచ్చారు. గంటలకొద్దీ మాట్లాడే పని.

*

జగన్నాథాన్ని కేంద్రానికి తీసుకొచ్చినప్పుడు నీలకంఠం స్కానింగు తీయించాడు. మెదడులో కొత్త దెబ్బేమీ లేదు. పూస సరిగ్గా పనిచేస్తోంది. ఇక మిగిలింది అంకెలేనని కుముదినిని పిలిపించాడు. చుట్టు పూర్తయి అంకెలు మొదటికొచ్చాయా అని అడిగాడు. అలా జరగడానికి వీల్లేదని, ఇప్పటికి సగమే గడిచిందని ఆమె ధీమాగా చెప్పింది.

జగన్నాథం పక్క గదిలో పేపరు చదివి వినిపిస్తున్నాడు, నర్సులకు. గొంతు ఖంగుమంటోంది. ఎన్నికల గురించి, తుపాను గురించి తడుముకోకుండా చెబుతున్నాడు. అలాంటి మనిషి నీళ్లు అనలేకపోవడం ఎవరికీ అర్థం కాలేదు.

ఆయన భార్య విమల మహిళా కాలేజీలో తెలుగు లెక్చరరు. కుముదిని పక్కన బెంచీ మీద కూర్చుని, పెద్దగా ఎవరినీ ఉద్దేశించనట్టు చెప్పుకుపోయింది. పూస పెట్టాక ఆయన అన్న మొదటి మాట నీళ్లు. తరవాత తన పేరు. ఆ తరవాత అన్నం వడ్డిస్తుంటే చాలు అన్నారట. ఆ మాట విని తాను వంటింట్లోకి పరిగెత్తి ఏడ్చిందట. నిన్న మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుంటే చాలు అనలేక చెయ్యి అడ్డం పెట్టారు.

"వచ్చిన వరసలోనే పోతున్నాయండీ," అంది విమల. "మొదట వచ్చింది మొదట. రేపు ఏది పోతుందో కూడా నేను చెప్పగలను."

కుముదిని ఏదో సమాధానం చెప్పింది. లేచి కిందికి వచ్చింది. స్కూటరు తీసి ఘాట్ రోడ్డు సగం దిగాక, పక్కకు ఆపేసింది. సగమే గడిచిందని తాను అన్న మాట తనకే మళ్లీ వినపడింది.

142857. మొదటి సగం 142. రెండో సగం 857. రెండూ కలిపితే 999. ఒకటికి ఎదురు ఎనిమిది, నాలుగుకు ఎదురు ఐదు, రెండుకు ఎదురు ఏడు. ఏడుకే కాదు, పూర్తి నిడివి ఉన్న, అంటే ఏడుకు ఆరులా తనకన్నా ఒక్కటే తక్కువ అంకెలతో చుట్టు తిరిగే ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇంతే. రెండో సగంలోని ప్రతి అంకె మొదటి సగంలోని తన జోడును తొమ్మిదికి నింపుతుంది. క్లాసులో ఏటా ఈ ముచ్చట చెప్పి, పిల్లలు ఆశ్చర్యపోతుంటే చూసి సంతోషపడేది. మొదటి సగంలో ఎంత నెట్టిందో, రెండో సగంలో అంతే లాగుతుంది, అదే వరసలో, అదే బలంతో. ముడులు వేసిన చెయ్యే తిరిగొచ్చి విప్పుతోంది.

వరస తిరిగి మొదటికి వస్తుందేమోనని అందరూ కాపలా కాశారు. సగం దగ్గర తలకిందులవుతుందని ఎవరూ చూడలేదు. చూడవలసింది తానే.

కింద సముద్రం తళతళలాడుతోంది. లంగరేసిన ఓడలు వరసగా కనిపిస్తున్నాయి. త్రినాథ్‌కు సగం పూర్తవడానికి ఇంకా మూడు నెలలు కూడా లేవు. మొదట పోయేది ఆమని పేరు.

*

ఇంటికి వెళ్లేసరికి త్రినాథ్ వంటింట్లో వంకాయలు తరుగుతున్నాడు. కొత్తగా చేరిన ఒక కుర్ర పైలట్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అబ్బాయి నమూనా ఓడను తీసుకెళ్లి నమూనా గట్టుకు కొట్టి, గట్టు అక్కడుందని నాకెవరూ చెప్పలేదన్నాడట. త్రినాథ్ ఆ అబ్బాయి గొంతును అనుకరిస్తూ చెబుతున్నాడు. ఆమని పడీ పడీ నవ్వుతోంది. కుముదిని కూడా నవ్వింది. ఆయన నోటి నుంచి వచ్చే ప్రతి మాటనూ, ఇది ఎప్పుడు వచ్చింది, ముందా వెనకా అని తూకం వేస్తున్నట్టు అయిపోయింది ఆమె పరిస్థితి. గట్టు అనే మాట ఈమధ్యది. వంకాయ మొదటి నెలలోది. ఆమని, ఆమని, ఆమని. ఆ పూట ఆయన ఆ పేరు ఎన్నిసార్లు పిలిచాడో ఆమె లెక్కపెట్టుకుంది.

చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. దారి ఒకటి దొరికాక చెబుదామనుకుంది.

మర్నాటి నుంచి ఆమె ఒక చోట నిలవలేకపోయింది. క్లాసులో సగం పాఠం చెప్పి ఆపేసింది. కూరలో కారం రెండుసార్లు వేసింది. కేంద్రంలో నీలకంఠం, ఆమె రోజూ కూర్చున్నారు. పూసను ఆపేస్తే సరిపోదా అని ఆమె అడిగింది. ఆపితే వేసుకున్న దారులు కొద్దివారాల్లోనే పూడిపోతాయని, తట్టు ఆగని చోటే మాట నిలుస్తుందని నీలకంఠం చెప్పాడు. వేరే చోట నుంచి మొదలుపెడితే అని ఆయన అడిగాడు. ఒకటికి బదులు రెండునో మూడునో భాగిస్తే? కుముదిని తల అడ్డంగా ఊపింది. రెండును ఏడుతో భాగిస్తే 285714. అవే అంకెలు, అదే చుట్టు, ఇంకో చోట ఎక్కినట్టు. ఎక్కడ ఎక్కినా సగం వస్తుంది.

వేరే సంఖ్య కావాలి. చుట్టులో అంకెలు బేసి సంఖ్యలో ఉంటే దాన్ని రెండు సగాలు చెయ్యడం కుదరదు. అలాంటి సంఖ్యలు చాలానే ఉన్నాయి. ఆమెకు ఒక్క పూటలో దొరికింది. నీలకంఠం మొహం వెలిగింది. కాని ఆమె ఇంటికి వెళ్లి, బల్ల మీది పేపరు అంచున ఊరికే రాసుకుంది: 14, 28, 57. కలిపితే 99. మూడు ముక్కలు చేసినా తొమ్మిదులే. సగాలు లేకపోతే మూడోవంతులుంటాయి. మూడోవంతులు లేకపోతే ఐదోవంతులు. ఎక్కడో ఒక చోట ముక్కలన్నీ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఆమె ఆ సంఖ్యను కొట్టేసింది. చుట్టు నిడివే ఒక ప్రధాన సంఖ్య కావాలి. అప్పుడు దాన్ని సమానంగా ముక్కలు చెయ్యడం ఎవరి తరమూ కాదు. ప్రధాన సంఖ్య లోపల ఇంకో ప్రధాన సంఖ్య. నిడివికి ఆశపడి మొదటిసారి పూర్తి చుట్టు తీసుకున్నారు. ఇప్పుడు అందులో సగమే ఉండే చుట్టు కావాలి గాని, విరగనిది కావాలి.

అదీ దొరికింది. కాని దాన్ని పాత తలల్లోకి ఎక్కించడం వేరే సంగతి. కేంద్రంలో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో, ఒక వరస నడుస్తుండగా ఇంకో వరస ఎక్కిస్తే వాటికి మూర్ఛలు వచ్చాయి. పాతదాన్ని ఆపి, దాని దరువు మెదడులోంచి పూర్తిగా వెళ్లిపోయేదాకా వారాలపాటు ఆగి, అప్పుడు కొత్తది మొదలుపెట్టాలి. ఆ మధ్యలో ఉన్నదంతా పోతుంది. ఎలుకలు రెండోసారి తొందరగానే కోలుకున్నాయి. కాని నేర్చిన వాటిలో కొన్ని ఎప్పటికీ తిరిగి రాలేదు. ఏవి రావో ముందుగా చెప్పే వీలు లేదు.

"ఎలుకలకు మాటలు లేవు," అన్నాడు నీలకంఠం. "మనుషుల్లో ఏమవుతుందో మొదటి మనిషికి పెడితేగాని తెలియదు. సగం దాటని మనిషి కావాలి. దాటినవాళ్లలో ఏది ఎందుకు పోయిందో తేల్చుకోలేం."

సగం దాటనివాళ్లలో అందరికన్నా ముందున్నది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ పేరెత్తలేదు. ఆమె లేచి వచ్చేసింది.

*

విమల ఫోను చేసినప్పుడు కుముదిని ఇంట్లో లేదు. త్రినాథ్ తీశాడు. ఆయనకు అంతా తెలుసనుకుని విమల మాట్లాడింది. మావారికి ఇవాళ అమ్మ అన్న మాట కూడా పోయిందని, మీకు ఇంకా కొన్ని వారాల వ్యవధి ఉందట కదా, ఏం చేద్దామనుకుంటున్నారని అడిగింది.

కుముదిని వచ్చేసరికి ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు. ఆమనిని లోపలికి వెళ్లమన్నాడు. ఆమె వెళ్లలేదు. అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నాకెప్పుడు?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అంతా చెప్పింది. సగాలు, తొమ్మిదులు, ఎలుకలు, ఆమని పేరు.

"లెక్క తప్పినందుకు నాకు కోపం లేదు," అన్నాడు చివరికి. "ఇన్ని రోజులు నా ఎదుట కూర్చుని నేను చెప్పిన కబుర్లకు నవ్వావు. అది బాధగా ఉంది."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చవలసి వస్తుందని ఆపుకుంది. నెమ్మదిగా సర్దిచెప్పబోయింది. తొందరపడనక్కర్లేదని, పోవడం కూడా ఒక్కసారిగా పోదని, ఐదున్నరేళ్లలో వచ్చింది పోవడానికి ఐదున్నరేళ్లు పడుతుందని, ఈలోగా వేరొకరికి కొత్త సంఖ్య పెట్టి చూస్తారని, అది బాగుంటే అప్పుడు ఆలోచించవచ్చని అంది.

"ఎవరికి పెడతారు?"

"ఎవరో ఒకరు ముందుకొస్తారు."

"పాత సంఖ్య నువ్విచ్చావు. కొత్తదీ నువ్వే ఇస్తున్నావు. నీ మొగుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, దాన్ని ఇంకొకరి తలలో పెట్టి చూడమంటావా? ఆ లాయరు గారి మొహం నువ్వు చూడగలవేమో, నేను చూడలేను."

"నేను మాత్రం మిమ్మల్ని మళ్లీ అలా చూడగలననుకున్నారా?" అంది కుముదిని. గొంతు పెరిగింది. "మాట రాక గోడకేసి తల కొట్టుకున్న రోజులు మీకు గుర్తులేవేమో. నాకున్నాయి."

అప్పుడు ఆమని మాట్లాడింది. తండ్రి ఆపరేషను నాటికి చిన్నపిల్ల. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తన పేరు మొదట పోతుందా లేక అన్నిటితో కలిపి పోతుందా అన్నదే కదా తేడా, అంది. తనకైతే రోజూ ఒక్కో మాట పోతుంటే పక్కన కూర్చుని చూడటంకన్నా అంతా ఒకేసారి పోవడమే నయమంది. చెప్పి లోపలికి వెళ్లిపోయింది. తలుపు గట్టిగా వేసుకుంది. అది ధైర్యమో కోపమో కుముదినికి బోధపడలేదు.

*

పూసను ఆపడానికి ముందు త్రినాథ్ కొద్దిరోజులు గడువడిగాడు. ఆ రోజుల్లో ఇంట్లో మాటలు ఆగలేదు. అన్నదమ్ములకు ఫోన్లు చేశాడు. తనతో ఏళ్ల తరబడి మాట్లాడటం మానేసిన బావమరిదిని పిలిపించుకుని, ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాత తగాదా అంతా మొదటి నుంచీ తిరగదోడి తిట్టి, అన్నం పెట్టి పంపించాడు. పిల్ల పైలట్లకు పాఠాలన్నీ ముందుగానే చెప్పేశాడు. ఆమనిని స్కూటరు మీద ఎక్కించుకుని భీమిలి దాకా తీసుకెళ్లాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ కుముదినికి చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆమెతో మాత్రం ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు. కూర బాగుందని, గ్యాసు అయిపోయిందని, ఇలాంటివే. చివరి రోజు కేంద్రానికి వెళ్తుంటే, కారులో, "నువ్వు ఎదురుగా కూర్చుని ఎదురుచూడకు. నీ పని నువ్వు చేసుకో. నువ్వలా చూస్తుంటే నాకు కంగారుగా ఉంటుంది," అన్నాడు.

నీలకంఠం త్రినాథ్ చెవి వెనక ఒక తీగచుట్టను ఆనించి పూసను ఆపాడు. ఏమీ జరగలేదు. ముగ్గురూ టీ తాగారు. వారం దాకా త్రినాథ్ మామూలుగానే మాట్లాడాడు. తరవాత వాక్యాలు మధ్యలో విరగసాగాయి. తరవాత మాటలు. ఒకరోజు తెల్లారాక మంచం మీద కూర్చుని నోరు తెరిచి, మూసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అంతే. ఆ వారాలు ఎలా గడిచాయో కుముదినికి తరవాత సరిగా గుర్తులేదు. ఇంటి నిండా గిన్నెల చప్పుడు, టీవీ చప్పుడు. ఒకసారి ఆయన గాజు గ్లాసు విసిరేశాడు. ఆమని ముక్కలు ఏరి, ఏమీ అనకుండా ఇంకో గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

ఈలోగా విజయనగరంలో జగన్నాథం రోజూ కాస్త తరుగుతున్నాడు. మొదటి నెలల్లో వచ్చిన మాటలు వేగంగా పోతున్నాయి. చిన్న చిన్న మాటలు, ఇంట్లో మాటలు. రా, పో, తిను, నొప్పి. కోర్టు మాటలు చివర్లో వచ్చినవి కాబట్టి చెక్కు చెదరలేదు. కడుపు నొప్పి అని చెప్పలేని మనిషి, ఉదరభాగమున తీవ్ర బాధ కలదని విన్నవించుకుంటున్నాడని విమల ఫోనులో చెప్పి, నవ్వబోయి, నవ్వలేకపోయింది. త్రినాథ్ సంగతి తేలితే తాము కూడా మార్పించుకుంటామని, ఎప్పటికి తేలుతుందని అడిగేది.

పాత దరువు పూర్తిగా వెళ్లిపోయాక నీలకంఠం త్రినాథ్‌కు కొత్త సంఖ్యను ఎక్కించాడు. మూర్ఛ రాలేదు. మాటా రాలేదు. మొదటిసారి మూడు వారాల్లో వచ్చింది కాబట్టి మూడు వారాలు చూశారు. అవీ దాటిపోయాయి. ఆమని కాలేజీ నుంచి రాగానే ఆయన ఎదురుగా కూర్చునేది. కావాలనే కూర్చునేదని కుముదినికి తెలుసు. ఆయన పెదవులు కదిలేవి. ఏమీ రాకపోతే ఆయనే ముందు లేచి వెళ్లిపోయేవాడు.

ఒక ఆదివారం ఆయన క్రికెట్ చూస్తున్నాడు. కుముదిని ఉతికిన బట్టలు మడతపెడుతూ, ఆలోచనలో పడి, టీవీకి అడ్డంగా నిలబడిపోయింది.

"జరుగు," అన్నాడు త్రినాథ్.

ఆమె జరిగింది. రెండు అడుగులు వేశాక గాని ఆమెకు తట్టలేదు. వెనక్కి తిరిగింది. ఆయన కూడా నోటి మీద చెయ్యి పెట్టుకుని ఆమె వైపు చూస్తున్నాడు.

ఆ తరవాత మాటలు మొదటిసారికన్నా తొందరగా వచ్చాయి. పనుల మాటలు ముందు, వస్తువులు తరవాత. రాను రాను చిన్న చిన్న వాక్యాలు కుదిరాయి. పేర్లు రాలేదు. ఓడల పేర్లు, ఊళ్ల పేర్లు, అన్నదమ్ముల పేర్లు, కుముదిని, ఆమని. మనుషులను గుర్తుపట్టడంలో ఏ లోటూ లేదు. కూతురు ఎవరో, ఎప్పుడు పుట్టిందో, దేనికి అలుగుతుందో అన్నీ తెలుసు. పిలవడానికి పేరు లేదంతే. పేర్లకు సంబంధించిన చోటు ఈసారి తెరుచుకోలేదని నీలకంఠం పరీక్షలన్నీ చేసి చెప్పాడు. ఇక తెరుచుకుంటుందన్న ఆశ తనకు లేదని కూడా దాచకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం త్రినాథ్ కూతురి గది తలుపు దగ్గర నిలబడ్డాడు. నోరు పెగల్చుకోవాలని చాలాసేపు ప్రయత్నించాడు. ఆమని పుస్తకంలోంచి తలెత్తి చూసి, "పిల్లా అను నాన్నా. చాలు," అంది.

"పిల్లా," అన్నాడాయన.

ఆ మాటతో ఆ ఇంట్లో పని జరిగిపోయింది. కాని కుముదినికి నిలకడ చిక్కలేదు. కొత్త సంఖ్యను రోజూ తిరగేసి చూసేది. నిడివి విరగదు, నిజమే. కాని ఇంకేదో ఉందేమో. సగాల సంగతి ఏళ్ల తరబడి నోటితో పాఠం చెబుతూ కూడా చూడలేకపోయింది. ఇప్పుడు కూడా అలాగే కళ్లెదుట ఏదో కూర్చుని ఉందేమో. అంకెలను జోడించి చూసేది, తిరగేసి చూసేది, పది అంకెల లెక్కకు బదులు రెండంకెల, ఎనిమిదంకెల లెక్కల్లో రాసి చూసేది. ఏమీ కనపడకపోతే ఊరట కలగాల్సింది పోయి, భయం ఇంకాస్త పెరిగేది. విద్యార్థులందరినీ ఆ పనికే పెట్టింది. ఇందులో ఏ అందం కనిపించినా వెంటనే వచ్చి నాకు చెప్పండి అంది. అందం అన్న మాటకు వాళ్లు నవ్వుకున్నారు. ఆమె నవ్వలేదు.

*

జగన్నాథం కొత్త సంఖ్యకే మొగ్గాడు. త్రినాథ్‌కు పేర్లు పోయాయని నీలకంఠం చెబితే, తనకు భార్య పేరు ఎలాగూ పోయిందని కాగితం మీద రాసిచ్చాడట. పూసను ఆపారు. మధ్యలో ఉండే వారాలు మొదలయ్యాయి.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చోబోతుంటే విమల ఫోను చేసింది. మాట్లాడటానికి ముందే ఏడుస్తోంది. ఆయన గదిలో గోడ వైపు తిరిగి కూర్చున్నారని, నిన్నటి నుంచి ఏమీ తినలేదని, దగ్గరకు వెళ్తే తోసేస్తున్నారని చెప్పింది. కోర్టులో అంతమందిని గడగడలాడించిన మనిషి అని ఒకటికి రెండుసార్లు అంది. ఆయనకు ఏమని చెప్పాలో చెప్పమంది.

కుముదిని ఎలుకల గురించి, తొందరగా వచ్చే మాటల గురించి చెప్పబోయింది. అవి తనకే ఎందుకూ పనికిరానివిగా తోచాయి. అవతల విమల ఏడుపు వినిపిస్తోంది.

త్రినాథ్ లేచి వచ్చి ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"ఆయనకు ఇవ్వండి," అన్నాడు. "చెవి దగ్గర పెట్టండి."

తరవాత అవతల నుంచి ఒక మగమనిషి బరువుగా ఊపిరి తీస్తున్న చప్పుడు వచ్చింది. కుముదినికి కూడా వినపడింది.

"లాయరు గారూ," అన్నాడు త్రినాథ్. ఆగాడు. తరవాతి మాట కోసం వెతుక్కున్నాడు. కుముదిని అందివ్వబోతే వద్దని చెయ్యి చూపించాడు. "నేను కూడా ఉన్నాను అక్కడ. గోడ వైపు తిరిగి. కోపం వస్తుంది. రానివ్వండి."

ఊపిరి చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"మీరేమీ చెప్పక్కర్లేదు. నేను కూడా ఎక్కువ చెప్పలేను. ఊరికే ఉందాం. నేను పెట్టెయ్యను."

ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఇటు నుంచి మాట లేదు, అటు నుంచి మాట లేదు. చాలాసేపటి తరవాత అవతల దూరంగా విమల గొంతు వినిపించింది. ఆయన ఫోను వదలడం లేదండీ, అంటోంది ఎవరితోనో, ఇటు తిరిగారు, అంటోంది.

కుముదిని కూడా భర్త పక్కన నేల మీద కూర్చుంది. అన్నం చల్లారిపోతోందని ఆమని వచ్చి చెప్పింది. త్రినాథ్ కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి, కాస్త ఆగమన్నాడు.